గిద్దలూరు డోల్టన్

వారెన్ డోల్టన్ అంటే ఫహీమ్‌కు ప్రాణం.

గిద్దలూరు రైల్వేస్టేషన్ రోడ్డులో ఫహీమ్‌ది సెల్‌ఫోన్ల దుకాణం. రిపేర్లు చేస్తున్నంతసేపూ తెలుగులో వచ్చే ఆ అమెరికా నటుడి సీరియల్ ఏదో ఒకటి పక్కన నడుస్తూనే ఉండేది. ఆసుపత్రి సీరియల్లో చిన్న డాక్టరుగా మొదలై, పోలీసు సీరియల్‌తో పేరు తెచ్చుకుని, సినిమాల్లో హీరో అయిన డోల్టన్ కథంతా వచ్చినవాళ్లకు చెప్పేవాడు. ఆయన డైలాగులు ఆయనలాగే బరువుగా పలికేవాడు.

కొత్త సినిమా ఒక్కటే అతనికి నచ్చలేదు. డోల్టన్‌కు వయసు మీదపడిందని, గొంతులో పస పోయిందని బాధపడ్డాడు.

ఆ రోజుల్లోనే దుకాణం మీది గదిలోకి గిద్యోను అద్దెకు దిగాడు.

అరవై దాటిన ఒంటరి మనిషి. ఇంతకుముందు ఏం చేసేవాడో ఎవరూ అడగలేదు. గొంతుకు ఆపరేషన్ అయింది. మెడకు ఎప్పుడూ రుమాలు. నోరు తెరిస్తే మాటకు బదులు గరగరమని గాలి వచ్చేది.

ఒక పొద్దున టిఫిన్ బండి దగ్గర ఆయన ఇడ్లీ అడిగాడు. బండామెకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు. మెడ నరాలు ఉబ్బాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫహీమ్ అదంతా ఫోన్‌లో తీశాడు. పక్కన డోల్టన్ ఫొటో అతికించి, ‘మన గిద్దలూరు డోల్టన్’ అని పేరు పెట్టి వదిలాడు.

సాయంత్రానికి ఊరంతా చూసింది. కంభం, మార్కాపురం దాకా పోయింది. ఆయన బస్టాండులో కనబడితే చాలు, జనం గరగరమంటూ పలకరించేవాళ్లు. బండామె కూడా, అర్థమైనా అర్థం కానట్టు నటించి, ఇంకోసారి అడగమనేది.

గిద్యోను దుకాణానికి వచ్చాడు, ఆ వీడియో తీసేయమని చెప్పడానికి.

అప్పుడు ఫహీమ్ నలుగురి ముందు డోల్టన్ డైలాగు చెబుతున్నాడు. అది అయిపోయేదాకా గిద్యోను కదలకుండా నిలబడి విన్నాడు.

“ఏంది మామా, అట్ల చూస్తుండావు?” అన్నాడు ఫహీమ్. “మళ్లా పుట్టినా నీకు ఆ గొంతు రాదులే.”

అందరూ నవ్వారు. గిద్యోను కూడా నవ్వబోయాడు. దగ్గు తెర వచ్చింది. వచ్చిన పని చెప్పకుండానే మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆయన బండి దగ్గరికి రాలేదు. కిందికి దిగడమే మానేశాడు. ఎంత కొట్టినా తలుపు తీయకపోయేసరికి ఇంటి యజమాని గడియ పగలగొట్టించాడు. గిద్యోను చాప మీద చనిపోయి ఉన్నాడు.

అర్ధవీడు నుంచి చెల్లెలు ఫెబీ వచ్చింది. సమాధి అయ్యాక, గది ఖాళీ చేసి నేరుగా దుకాణంలోకి నడిచింది. ఆమె అడగకముందే, ఆ వీడియో ఇప్పుడే తీసేస్తానని ఫహీమ్ ఫోన్ అందుకున్నాడు.

“తీసేయొద్దు నాయనా,” అంది ఫెబీ. “నా ఫోన్‌కు పంపు.”

అతను అయోమయంగా చూశాడు.

“మా అన్న గొంతూ, మొగమూ కలిసి ఉండేది దాంట్లోనే. టీవీ పెడితే గొంతు వినబడతది గానీ, ఆ తెల్లాయన మొగమే కనబడతది. మొదటి సీరియల్ కాడినుంచి డోల్టన్‌కు తెలుగులో మాట్లాడింది మా అన్నే.”