నలభై రెండో నంబరు

హలో, అందరికీ వినపడుతోందా? బాగున్నారా? ఒక్క రెండు నిమిషాలు లైన్లో ఉండండి. కంపాలాలో జరిగిన ఒక చిన్న కథ చెబుతాను.

ఆ మధ్యాహ్నానికి నబ్బోసా నలభై ఒక్క పాటలు వినేసింది.

చెవుల్లో ఈగలు ముసిరినట్టుంది. ముందున్న టీ చల్లారి మీగడ కట్టింది.

పాటల మీద సమీక్షలు రాయడం ఆమె పని. ఆమె బాగుందంటే ఆ పాట బెర్లిన్ దాకా వెళుతుంది. బాగాలేదంటే వీధి చివరే ఆగిపోతుంది.

ఇప్పుడు ఆమె రీమిక్స్ పోటీకి జడ్జి. రెండేళ్ళ కిందట పోయిన ములోండో అనే సంగీతకారుడి పాటని ఎవరికి తోచినట్టు వాళ్ళు మళ్ళీ కట్టి పంపాలి. గెలిచిన పాట ఆయన పాట పక్కనే రికార్డు మీదికి ఎక్కుతుంది.

ములోండో పాటల్లో మాటలుండవు. మ్యూజిక్ మిషన్లోంచి వచ్చే టంగు టంగుమనే దెబ్బలు, మధ్య మధ్య ఖాళీలు. ఆ ఖాళీల మీదే నబ్బోసా పెద్ద వ్యాసం రాసింది. ఆమెకి పేరొచ్చింది ఆ వ్యాసంతోనే.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

వానకి తడిసిన కోటు, చేతిలో చెప్పులు. అరవై దాటిన మనిషి.

"మెమరీ కార్డు తెచ్చాను తల్లీ. నెట్లో పంపడం నాకు చేతకాలేదు."

రికార్డులు వేసే ఆ ఆఫీసు యజమాని కిగ్గుందు కార్డు అందుకుని, వినే వరసలో తర్వాతిదని దాని మీద 42 అని రాశాడు.

"నేనెవరినంటే తల్లీ..."

"చెప్పకండి!" నబ్బోసా చెయ్యి అడ్డం పెట్టింది. "పేరు, ఊరు, ఎవరి తాలూకు, ఏదీ నాకు తెలియకూడదు. తెలిస్తే మీ పాట తీసెయ్యాలి. రూలు."

"మంచి రూలే," అన్నాడు ముసలాయన.

పాట పెట్టింది.

టక్. ఖాళీ. టక టక్. మళ్ళీ ఖాళీ. మూడు నిమిషాలూ అంతే.

"ఇదేంటి పెద్దాయనా, సగమే ఉంది?"

"మిగతా సగం ములోండో దగ్గరుంది."

కిగ్గుందు పకపకా నవ్వాడు. "అయితే తెచ్చుకోడానికి చాలా దూరం వెళ్ళాలి ముజే!" అక్కడ పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారు.

"దూరమెందుకు బాబూ? ఆయన పాట ఇక్కడే ఉందిగా. రెండూ కలిపి పెట్టండి. ఒక్కసారి."

"కలిపితే మీ దెబ్బలు ఆయన ఖాళీల్లో పడతాయి," అంది నబ్బోసా.

"పడాలి మరి."

"వాటి జోలికి పోకు ముజే," కిగ్గుందు కన్ను గీటాడు. "ఆ ఖాళీలు ఈవిడ పొలం. పంటంతా అక్కడే పండింది."

నబ్బోసాకి నవ్వు రాలేదు.

"పూర్తయిన పాటే తేవాలి పెద్దాయనా. అందరికీ ఒక న్యాయం, మీకొకటి పెట్టలేను. అయినా ఆ మౌనాన్ని చెడగొట్టాక ఇంక ములోండో ఏం మిగులుతాడు?"

ముసలాయన ఏదో అనబోయాడు. రూలు గుర్తొచ్చి ఆగిపోయాడు.

"రికార్డు తయారీకి ఎప్పుడు వెళుతుంది?"

"శుక్రవారం."

"అప్పటిదాకా ఆలోచించండి. బహుమతి ఎవరికైనా ఇచ్చుకోండి. రికార్డు మీద ఆయన దెబ్బల మధ్య నా దెబ్బలు వినపడితే చాలు నాకు."

మెట్లు దిగి వానలోకి వెళ్ళిపోయాడు.

నబ్బోసా ఆలోచించలేదు. వినాల్సినవి ఇంకా అరవై ఉన్నాయి.

నలభై రెండుకి రెండు ముక్కలు రాసి పడేసింది: "చోటు కాని చోట దెబ్బలు. మౌనమంటే తెలియని చెయ్యి."

చివరికి గెలిచిన పాటలో డ్రమ్ముల హోరు తప్ప ఏమీ లేదు. అలిసిన చెవికి అదే తేలిగ్గా ఎక్కింది.

నెల తర్వాత రికార్డులు వచ్చాయి. తన కాపీలు తీసుకోడానికి ములోండో భార్య వచ్చింది. కవలల తల్లి కాబట్టి అందరూ ఆమెను నలోంగో అనే పిలుస్తారు.

చాప మీద కూర్చుని సమీక్షలన్నీ తీరుబడిగా చదివింది. నలభై రెండు దగ్గర వేలు ఆగింది.

"ఏ చోట పడ్డాయమ్మా ఈ దెబ్బలు?"

"ఆయన ఖాళీ వదిలిన ప్రతి చోటా, నలోంగో."

"ఒక్కటీ తప్పకుండా?"

నబ్బోసా తలూపింది.

"రెండూ కలిపి వినిపించు."

వినిపించింది.

దెబ్బలు ఒకదాని సందులో ఒకటి ఒదిగిపోయాయి. వాటి మధ్య నుంచి ఇద్దరిలో ఎవరూ వాయించని మూడో పాట లేచింది.

చిన్నప్పుడు స్కూల్లో నబ్బోసా కూడా కర్రలతో వాయించే ఆ చెక్కపలకల ముందు కూర్చుంది.

"ఇది... అమడిండా కదూ?"

"మరేమనుకున్నావే? మిషన్లో వేసి ఎంత ఉడకబెట్టినా చెక్క చెక్కే. దాన్ని ఒక్కడే కూర్చుని వాయిస్తాడా ఎవడైనా? ఎదురుగా రెండోవాడుండొద్దూ?"

"ఆ పెద్దాయన ఎక్కడుంటారు?" నబ్బోసా లేచి నిలబడింది. "ములోండో గారి పాటలన్నిట్లోనూ ఖాళీలున్నాయి. అన్నిటికీ వాయించమని అడుగుతాను. కాళ్ళు పట్టుకునైనా అడుగుతాను."

"దేంతో వాయిస్తాడు?"

నలోంగో రికార్డులు ఒళ్ళో సర్దుకుంది.

"రికార్డు మీదికి తీసుకోలేదని తెలిశాక సమాధి దగ్గరికి వచ్చాడు. చాలాసేపు కూర్చున్నాడు. 'నాది సగమే అన్నారు' అన్నాడు. సరస్సులో తను ఉండే దీవికి తిరిగి వెళ్ళాక తన చెక్కలన్నీ చేపల పొగ పొయ్యిలో పెట్టేశాడట."

ఆ రోజూ వాన రేకుల మీద పడుతోంది.

"ఎవరు నలోంగో ఆయన?"

"సెబ్బోవా. చెక్కని తీసుకెళ్ళి మిషన్లో పెట్టావేంట్రా అని పదకొండేళ్ళ కిందట మా ఆయన మీద అలిగి వెళ్ళిపోయిన జతగాడు. నువ్వు అంత పెద్ద వ్యాసం రాశావే, ఆ ఖాళీలన్నీ, ఎప్పటికైనా వచ్చి ఎదురుగా కూర్చుంటాడని మా ఆయన వాడికోసం అట్టిపెట్టిన చోట్లమ్మా."

అంతేనండీ. మీతో మాటలు మానేసిన మనిషి ఎవరైనా ఉంటే ఈ కథ ముందు వాళ్ళకి పంపండి. తర్వాత మిగతావాళ్ళకి.