కొవ్వు పట్టని పొట్టేలు

ఎర్రన్న ఇంటి నడవలో కట్టేసిన పొట్టేలు నడుం మీద కమాల్ బాషా రెండు చేతులూ వేసి నొక్కాడు. వీధి మొదట్లో మాంసం అంగడి అతనిదే. బక్రీదుకు ఈ పొట్టేలును తానే తీసుకుంటానని మాటిచ్చాడు.

"ఏందప్పా ఎర్రన్నా, అన్నీ ఎముకలే తగులుతాండాయి! మూన్నెల్లుగా ఏం పెడతాండావు దీనికి?"

"చెనక్కాయ చెక్క, ఉలవలు, తౌడు. నేను తినేదానికంటే మేలే మామా. తాడు గూడా పొట్టిగా కట్టినా."

కట్టేసి మేపితేనే కొవ్వు పడుతుందని గొర్రెల కాపరుల ఇంట పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన ఏడే ఎర్రన్న మందను అమ్మి, తొండూరు వదిలి ప్రొద్దుటూరు మిల్లులో చేరాడు. ఈరోజు కరెంటు లేక మిల్లు ఆగింది కాబట్టి ఈ వేళప్పుడు ఇంట్లో ఉన్నాడు.

అతని భార్య చౌడమ్మ గడపలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. తొండూరులో మంద వెనక రోజంతా తిరిగిన మనిషి. ఈ వీధికొచ్చాక ఒళ్లు వచ్చేసింది. రాదా మరి! కొళాయి గడప ముందరే, పని కూర్చున్నచోటే, ఆకలైతే పక్కనే బజ్జీల బండి. ఇటు మిల్లు గోడ, అటు మురిక్కాలువ, మధ్యలో మగవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చునే బీడీల బంకు. వీధిలో ఆడవాళ్లందరిదీ అదే ఒళ్లు, అదే ఆయాసం.

రోజూ రెండు మైళ్లు నడవకపోతే గుండెకు ముప్పని చౌడమ్మకు జమ్మలమడుగు డాక్టరమ్మ మొన్న చలికాలంలోనే చెప్పింది.

"పనీ పాటా లేకుండా ఆడది వీధెంబడి తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు?" అని ఎర్రన్న అప్పుడే తేల్చేశాడు. చౌడమ్మ మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఒక పొట్టేలును తెమ్మని మాత్రం పోరి తెప్పించుకుంది.

కమాల్ బాషా పొట్టేలు కాలెత్తి చూశాడు. "గిట్టలు ఇంతగా అరిగినాయేంది?"

"ఈడన్నీ గరుకు బండలే గదా మామా. నాకు తెలిసి ఇది దిష్టి. మీ ఇంటామె షరీఫా మొదలుకొని వీధిలో ఆడోళ్లంతా దీన్ని చూసేదానికి వస్తాంటారు. రేపట్నుంచి లోపలి గదిలో కట్టేసి బీగం ఏస్తా."

చౌడమ్మ చేతులు ఆగిపోయాయి. "లోపలొద్దు. గాలాడదు. నా మాదిరే అయిపోతాది."

"మనకు గావాల్సిందీ అదే గదే!"

మగవాళ్లిద్దరూ నవ్వారు.  చౌడమ్మ మూడు నెలలుగా హాయిగా ఊపిరి తీసుకుంటోంది, ఇక అదీ లేదు.

అప్పుడే షరీఫా బురఖా సర్దుకుంటూ వీధిలో వస్తోంది. నడవలో మగవాళ్లున్నారని చౌడమ్మ సైగ చేసేలోపే ఆమె గట్టిగా అనేసింది.

"పొట్టేలు తాడియ్యక్కా, ఈ పొద్దు నడిచే వంతు నాది!"