బాఖ్‌లో గమకం

...ఇంతకీ వాయిస్తున్నది నేనా, ఈ వయొలినా? హైమవతికి ఆ అనుమానం మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఏ వయొలినైనా తప్పు పడితే దానంతటదే దిద్దేసుకుంటుంది. ఎప్పటి జర్మనీ సంగీతకర్తో ఆ బాఖ్, విజయనగరంలో పొద్దున్నే ఇంటింటా మచ్చలేకుండా మోగుతున్నాడు. ఆమె చేతికి చిన్నప్పటి కర్ణాటక సంగీతం అలవాటు. స్వరం మీద వేలు ఊగకుండా ఉండదు. వయొలిన్ ఆ గమకాన్ని తప్పనుకుని తుడిచేస్తుంది.

పెసరట్టు తిరగేస్తూ భర్త సన్యాసిరావు అన్నాడు, "పక్కింటావిడదీ నీదీ ఒక్కలాగే ఉన్నాయే. ఎవరిదో తెలీక ఇద్దరికీ కలిపి శభాష్ అనేస్తున్నాను."

"దిద్దడం ఆపేస్తే మీరు చెవులు మూసుకుంటారండీ."

"మూసుకున్నా నువ్వేనని తెలుస్తుంది కదా."

ఆమెకు నవ్వొచ్చింది. బాఖ్ తన వాయిద్యాన్ని తనే శ్రుతి చేసుకునేవాడట, ఇంకొకరు చేస్తే నచ్చేది కాదట. ఆ మొండితనం తలచుకోగానే అంత పెద్దాయన మీద ఒక్కసారిగా చనువు పుట్టింది. ఇలాంటి మనిషి నా వేలు ఊగితే కోప్పడతాడా? మహా అయితే తల తిప్పి చూస్తాడు.

దిద్దుబాటు మీట ఆపేసింది. మొదటి దీర్ఘస్వరం మీద కమాను ఆనించి, వేలిని దాని ఇష్టానికి ఊగనిచ్చింది.