మాట తప్పినవాడు

పొద్దున్నే ఫోన్ తెరిచి ఒక్క వాక్యం చదివింది ఉయెన్. మిగతాది చదవలేకపోయింది.

అమెరికా విశ్వవిద్యాలయం ఆమెను కాదంది.

విన్ నగరం మీద సన్నగా జల్లు పడుతోంది. బడి గేటు దగ్గర ఒక నడివయసు స్త్రీ అరిటాకు ముక్కల్లో బంకబియ్యంతో వండిన ఎర్రటి అన్నం పొట్లాలు కట్టి పిల్లలకు పంచుతోంది. అది తింటే చదువు కలిసొస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం.

"తీసుకో తల్లీ. ఇవాళ ఫలితాలటగా?"

ఉయెన్ చెయ్యి విసిరింది. పొట్లం తడినేల మీద పడింది.

"ఇంకెందుకిది? అంతా అయిపోయింది!"

ఆ స్త్రీ నొచ్చుకోలేదు. వంగి పొట్లం ఏరుకుంది.

"ఇంకో చోటికి దరఖాస్తు పెట్టుకోవచ్చుగా అమ్మడూ?"

"నాకు కావాల్సింది అదొక్కటే పెద్దమ్మా. సీటిస్తే మీ దగ్గరికే వస్తాను, ఇంకెటూ పోనని సంతకం పెట్టాను. మా నాన్నా పెట్టాడు, టీచరూ పెట్టింది. అయినా నమ్మలేదు. ఎలా నమ్ముతారు, ఆ కీన్ చేసిన పనికి?"

"ఏం చేశాడు?"

"మూడేళ్ళ కింద మా బళ్ళోనే చదివాడట. ఇదే సంతకం పెట్టాడు, సీటు తెచ్చుకున్నాడు, తీరా పోకుండా ఎగ్గొట్టాడు. అప్పట్నుంచీ మా బడి పేరు చూస్తేనే పక్కన పడేస్తున్నారట. ఇంట్లోవాళ్ళయినా గడ్డి పెట్టొద్దా?"

ఆమె తడిసిన పొట్లాన్ని బుట్టలో ఒక పక్కన పెట్టింది.

"నిజమే తల్లీ. వెళ్ళి ఉండాల్సింది."

ఇంకో పొట్లం ఉయెన్ చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. ఇంకా సగం అన్నం ఉండగానే బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

లోపల హోవా టీచరు ఉయెన్ మొహం చూసి కుర్చీ జరిపింది. ఉయెన్ మళ్ళీ కీన్‌నే తిట్టింది.

టీచరు చటుక్కున లేచింది.

"ఎవరు చెప్పారే నీకు? నువ్వీ బడికి వచ్చింది నిరుడు. నీకేం తెలుసు వాడి సంగతి?"

"అందరూ అంటున్నారు టీచర్..."

"విమానం టికెట్టు కూడా తీసుకున్నాడే. అమ్మమ్మను చూసొస్తానని ఊరెళ్ళాడు. అక్కడ ఏట్లో ఇద్దరు పసివాళ్ళు కొట్టుకుపోతుంటే దూకాడు. వాళ్ళను ఒడ్డుకు తోశాడు."

టీచరు కిటికీ వైపు తిరిగింది.

"వాడు మాత్రం రాలేదు. ఈ సంగతి ఆ విశ్వవిద్యాలయానికీ తెలుసు. వాళ్ళకు మన మీద కోపమేమీ లేదు. నీకు సీటు రాలేదంటే పోటీ అలాంటిది, అంతే."

టీచరు వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"ఈ పాడు పుకారు వాళ్ళమ్మ చెవిన మాత్రం పడకూడదే."

"ఆవిడ... ఎక్కడుంటారు టీచర్?"

"ఇందాక గేట్లోంచి వస్తూ చూళ్ళేదూ? కొడుక్కి సీటొచ్చిన రోజని, ఏటా ఈ పొద్దున మీ అందరికీ అన్నం పెట్టేది ఆవిడే."