టేబుల్ మీద వదిలేసిన పుస్తకాలు

"మళ్ళీ ఎవరు తీశారు దీన్ని?"

ఇంద్రజ గొంతు కాస్త లేచింది. ట్రస్టు లైబ్రరీలో పేపరు చదువుకుంటున్న ఇద్దరు ముగ్గురు తలలెత్తి చూశారు.

బీరువాలో ఉండాల్సిన గణితం జర్నలు కిటికీ పక్క టేబుల్ మీద పడుంది. నిన్నా అంతే, మొన్నా అంతే.

ఇంద్రజ ఎమ్మెస్సీ మేథ్స్ ఆఖరి సంవత్సరం. ఆమె ప్రాజెక్టు మొత్తం ఒక పాత వ్యాసంలోని రుజువు మీద నిలబడి ఉంది. అది దొరక్కపోతే ప్రాజెక్టు లేదు, రీసెర్చి సీటు మీద ఆశా లేదు.

కాలేజీ లైబ్రరీలో గైడ్లు తప్ప మరేం లేవు. మద్దిలపాలెం ఇంటర్నెట్ సెంటర్లో గంటలు గంటలు కూర్చుంటే, కంప్యూటరు ఆ వ్యాసం పేరు మాత్రం చూపించి ఊరించింది. చివరికి కామరాజు మాస్టారే దారి చెప్పారు.

"సీతమ్మధారలో ఓ ట్రస్టు లైబ్రరీ ఉందమ్మా. మేడ మీద పాత జర్నల్స్ ఉండాలి. చెదలు తినకుండా మిగిలితే నీ అదృష్టం."

మిగిలాయి! ఆ వ్యాసం కనబడ్డ రోజు ఇంద్రజ మెట్లు దిగలేదు, గెంతింది.

బైండింగు ఊడిపోతుందని జిరాక్సుకి ఇవ్వరు. కాబట్టి రోజూ వచ్చి, అర్థం చేసుకుంటూ చేత్తో ఎక్కించుకుంటోంది.

ఆ పేజీల అంచుల్లో ఎవరో పెన్సిల్‌తో సన్నగా రాశారు. తను తికమకపడ్డ చోటే 'ఇది ఎలా వచ్చింది?' అని ఉండేది. రెండు లైన్ల కింద జవాబుండేది. మొదట్లో ఇంద్రజకి ఒళ్ళు జలదరించింది. పక్కన ఎవరూ లేరు గానీ ఎవరో కూర్చుని చెబుతున్నట్టే ఉండేది. తర్వాత్తర్వాత ఆ రాత తోడు లేందే అడుగు పడేది కాదు.

రోజూ అక్కడికొచ్చే ఒక ముసలాయనతోనే వచ్చింది గొడవంతా.

కిటికీ పక్క కుర్చీ ఆయనది. అడుగుల చప్పుడు కూడా ఉండేది కాదు. బీరువాలోంచి ఒక్కో జర్నలూ తీసి పేజీలు తిప్పేవాడు. ఎక్కడో వేలు పెట్టి అలాగే ఉండిపోయేవాడు. సాయంత్రం అన్నీ టేబుల్ మీదే వదిలేసి పోయేవాడు. పేపరు చదివేవాళ్ళు ఆయన్ని దెయ్యం తాత అని ఆటపట్టించేవారు.

"తాతగారూ, చదవనివన్నీ ఎందుకండీ తీసి పడేస్తారు?" అడిగేసింది ఇంద్రజ.

"ఏటి సెప్పమంటావు తల్లీ..." అని నవ్వాడాయన.

ఆమె విసుగ్గా జర్నలు తీసి బీరువాలో పెట్టబోయింది.

"సర్దకమ్మా. అక్కడే వొగ్గీ."

"మీ బద్ధకం నాకూ నేర్పుతారా?"

ఆ మాటతో ఊరుకోలేదు. తిన్నగా లైబ్రేరియన్ జగ్గారావు దగ్గరికి వెళ్ళి, పుస్తకాలు పాడవుతున్నాయని ఫిర్యాదు చేసింది. చూస్తే ఆయనకి సభ్యత్వమే లేదు.

"రేపట్నుంచి రాకండి పెద్దాయనా," అన్నాడు జగ్గారావు.

ఆయన మెట్ల దగ్గర ఆగి ఇంద్రజ వైపు తిరిగాడు.

"ఆ బీరువా కాస్త సూసుకో తల్లీ."

బీరువా ఎక్కడికి పోతుందని ఇంద్రజ నవ్వుకుంది.

ఇక అంతా ప్రశాంతం. చదవడం అయ్యాక తన జర్నలుని దుమ్ము దులిపి, ఎవరి కంటా పడకుండా బీరువాలో వెనక్కి తోసి మరీ వెళ్ళేది. అయినా ఒక్కోసారి కిటికీ వైపు నుంచి పేజీ తిప్పిన చప్పుడు వినిపించేది. చూస్తే ఖాళీ కుర్చీ.

ఈలోగా పరీక్షలొచ్చాయి. సగం రుజువు మిగిలిపోయింది.

పరీక్షలవగానే పరిగెత్తుకొచ్చింది. బీరువా ఉండాల్సిన చోట గోడ మీద దాని మరక ఉంది. ఆ మరక ముందు కొత్త కంప్యూటరు టేబులు.

"జర్నల్స్ ఏవండీ?"

"పాత కాగితాలవాడికి వేసేశామమ్మా. ఎవరూ చదవట్లేదుగా," అన్నాడు జగ్గారావు.

"నేను రోజూ చదివానండీ!"

"సాయంత్రం టేబుళ్ళ మీద ఉన్నవే చదివినట్టు లెక్క. ఊడ్చే కాసులమ్మ వాటిని రాసుకున్నాకే సర్దుతుంది. కమిటీ ఆ లెక్కే చూస్తుంది. ఈసారి ఆ బీరువాలోది ఒక్కటీ టేబుల్ మీద లేదు. ఇంతకీ చదివి ఏం చేశావు?"

"తిరిగి... బీరువాలో..."

ఇంద్రజకి తన చేత్తోనే తన పీక నొక్కుకున్నట్టయింది.

కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి, మెట్లు ఊడుస్తున్న కాసులమ్మని అడిగింది.

"ఆ తాతగారి ఇల్లెక్కడ? నేను ఆయన్ని ఒక్కసారి చూడాలి."

"దేవదానం గారా? ఇంకెక్కడి దేవదానం తల్లీ! మొన్ననే సమాధి సేసేసినారు."

ఇంద్రజ ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది.

"ఆయన... మేథ్స్ చదువుకున్నారా?"

"సదువా! పోర్టులో కళాసీ. ఇంగ్లీసు అచ్చరం ఒక్కటీ రాదు. ఆల కూతురు దీనా సదివీది. ఆ కిటికీ కాడే, ఆ కుర్సీలోనే. పెద్ద పరీచ్చ రాత్తా రాత్తా జొరమొచ్చి పోనాది. బీరువా తీసెత్తారంటే ఈయన ఏడిసినాడు. టేబుల్ మీదున్న పుస్తకమే లెక్క బాబూ అని నానే సెప్పినాను. ఆ రోజుకాడ్నించీ ఒక్క పూట మానలేదు."

"మరి చదవడం రానప్పుడు పేజీలెందుకు తిప్పేవారు?"

కాసులమ్మ చీపురు పక్కన పెట్టి, కొంగుతో కళ్ళొత్తుకుంది.

"దీనా పుస్తకాల్లో పెన్సిలుతో రాసీది తల్లీ, ఆ రాతే ఎతుక్కునీవోడు."