ఎడమ దవడ

ఉదయం ఎనిమిదీ పదికి ఆసుపత్రి క్యాంటీన్‌లో ఒక డ్రిల్ టీచరు ఒక ముసలాయన మీద కేకలేసింది.

రెండు రోజులుగా ఆయన పక్క బల్ల దగ్గర కూర్చుని ఆమె మొహం వైపే చూస్తున్నాడు.

ఆ మొహంలో కొత్తవాళ్ళ కంటపడేది ఒక్కటే. ఎడమ దవడ మీద వాపు.

అది క్యాన్సర్ కాదు. రెండుసార్లు గీకి తీశారు. రెండుసార్లూ మళ్ళీ పెరిగింది. ఈసారి ఆ వైపు దవడ ఎముకను కోసేసి, కాలి ఎముక ముక్కలతో కొత్తది కడతామని సర్జన్ చెప్పింది. ఆపరేషన్ ఎల్లుండి.

"బళ్ళో పిల్లలు నన్ను గుర్తుపడతారా డాక్టర్?" అని టీచరు అడిగింది.

"మా ప్రయత్నం మేం చేస్తాం," అంది సర్జన్.

టీచరు మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

క్యాంటీన్‌లో ఆ ముసలాయన వేళ్ళకు తెల్లటి పొడి అంటుకుని ఉంది. పెన్సిల్ నిలువుగా ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఏం పెద్దాయనా, ఇక్కడేమన్నా సినిమా ఆడుతోందా?"

"ఒక్కసారి నవ్వమ్మా," అన్నాడాయన.

టీచరు లేచి నిలబడింది.

"నవ్వాలా? నా వాపు చూడ్డానికే వస్తున్నారా రోజూ? మీ ఇంట్లో ఎవరికీ మొహాల్లేవా?"

"కుడివైపు బాగుందమ్మా. అదే చూస్తున్నా."

"అక్కా, నువ్వు కూర్చో," అంటూ తమ్ముడు అడ్డమొచ్చాడు. "ఏమండీ, గోడలకు సున్నం వేయడానికొచ్చారా, ఆడవాళ్ళను చూడ్డానికా? మీ మేస్త్రీ ఎక్కడ?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. క్యాంటీన్ మొత్తం ఇటే చూస్తోంది. సగం టీ వదిలేసి లేచాడు.

"తప్పేనమ్మా. ముందే అడగాల్సింది."

మర్నాడు ఆయన క్యాంటీన్‌కు రాలేదు.

ఆపరేషన్ పది గంటలు పట్టింది.

మూడో నెల పరీక్షకు టీచరు ఊతకర్ర లేకుండా నడిచి వచ్చింది. స్కానింగ్‌లో గడ్డ జాడ లేదు. ఎడమవైపు పళ్ళు ఇంకా కట్టాలి.

"బడికి వెళ్ళారా?" అంది సర్జన్.

"వెళ్ళాను డాక్టర్. గేటు దగ్గర నన్ను చూడగానే నలుగురు పిల్లలు పరుగు తీశారు."

"అయ్యో, భయపడ్డారా?"

"భయం కాదు, ఆలస్యంగా వచ్చారు వెధవలు. గుర్తుపట్టే పరిగెత్తారు."

సర్జన్ నవ్వింది. "మరి విజిల్ ఊదగలుగుతున్నారా?"

"ఆ సంగతి నన్నడగండి," అన్నాడు తమ్ముడు, చెవి రుద్దుకుంటూ.

టీచరు చేతులు జోడించబోయింది. సర్జన్ ఆపింది.

"నేను బిగించానంతే. రెండు ఆపరేషన్లతో మీ ఎడమవైపు వంకరైపోయింది. స్కానింగ్ ఎముకను చూపిస్తుంది గానీ, మాట్లాడేటప్పుడు దవడ ఎలా ఆడుతుందో చూపించదు. మా మోడల్ గది టెక్నీషియన్ మీ కుడివైపు చూసి ఎడమవైపు నమూనా పోతపోశారు. ఎముక ముక్కల్ని పట్టి ఉంచే ప్లేటు దాని మీదే వంచి ఇచ్చారు."

"ఆయన్ని ఒకసారి కలవొచ్చా?"

"మీ ఆపరేషన్ అయిన వారానికే రిటైరయ్యారు. ఊరు కూడా మారిపోయారు. మీదే ఆయన చేసిన చివరి దవడ."

సర్జన్ సొరుగు తెరిచి తెల్లటి ప్లాస్టర్ దవడ తీసి ఇచ్చింది.

టీచరు దాన్ని తిరగేసింది. వేళ్ళకు పొడి అంటుకుంది.

అడుగున పెన్సిల్‌తో రాసి ఉంది: "నవ్వమంటే నవ్వలేదు. క్యాంటీన్‌లో నన్ను తిట్టేటప్పుడు కొలత తీసుకున్నాను."