నర్సమ్మ లాభం

“ముందా సీసా ఇలా సూపించమ్మా,” అన్నాడు జగన్నాధం అరుగు మీంచి లేవకుండా.

నర్సు నీలవేణి ఐస్ పెట్టెలోంచి టీకా మందు సీసా తీసి చూపించింది.

ముప్ఫై ఏళ్లుగా శృంగవరపుకోట సంతలో చింతపండు కొంటున్న మనిషి ఆయన. బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి, ఇసుక లేదని తేల్చుకుంటేగాని కాటా ఎక్కించడు. లాభం లేకుండా ఎవడూ ఎండలో నడవడన్నది ఆయన లెక్క. ఈ నర్సేమో మూడుసార్లు తిట్టి పంపినా నాలుగోసారి వచ్చింది. పైగా ఈ ఊరికే బదిలీ కావాలని అడిగి మరీ వేయించుకుందని ఆశా వర్కరు లక్ష్మణమ్మ చెప్పింది.

“తేదీ బాగానే ఉన్నాది. మరి నీకేటి లాభం? తలకింతని ఇస్తారా?”

“జీతమే బాబూ.”

“జీతానికైతే ఒక్కసారి వస్తారు. నాలుగుసార్లు రారు.”

కోడలు అరుణశ్రీ రెండున్నర నెలల పాపను ఒళ్లో పెట్టుకుని మామగారి వంక చూస్తోంది.

“సూది నా కాలు తినేసింది. నా మనవరాలి కాలు కూడా తింటే ఊరుకుంతానా?”

“కుడికాలు కదా బాబూ. ఏడేళ్లప్పుడు.”

జగన్నాధం కళ్లు చిన్నవయ్యాయి. ఆమె వచ్చిన ఏ రోజూ ఆయన అరుగు దిగలేదు. కాళ్లు రెండూ పంచె చాటునే ఉన్నాయి.

“నీకెవలు సెప్పారు?”

“విన్నాను. సూది ఎక్కడేశారు?”

“పిర్రకి. జొరమొస్తే కాంపౌండరు నూకయ్య ఏశాడు. తెల్లారేసరికి పాదం లేవలేదు. ఆ పాపిష్టోడు పెట్టే బేడా సర్దుకుని ఊరొగ్గేసి పోనాడు.”

నీలవేణి తల వంచుకుని సిరంజి తీసింది. “కాలికెళ్లే పెద్ద నరం పిర్రలోంచే పోతాది బాబూ. సూది దానికి తగిలుంటాది. అందుకే పసిపిల్లలకి అక్కడ ఎయ్యం.” పాప ఎడమ తొడ బయటివైపు, మధ్యలో వేలు ఆనించింది. “ఇక్కడేస్తాం. కండే గాని ఆ నరం లేదు. పెద్దోళ్లకైతే భుజం కండకి.”

జగన్నాధం లేచాడు. కాలీడ్చుకుంటూ వచ్చి, సరుకు చూసినట్టే ఆ చోటు నొక్కి చూశాడు.

“తేడా వస్తే?”

“రెండ్రోజులు జొరం, వాపు రావచ్చు. పాప కాలు ఆడించేదాకా ఇక్కడే కూకుంతాను. రేపూ వస్తాను.”

“కానీ మరి.”

సూది దిగింది. పాప వీధి అదిరేలా ఏడ్చింది. ఎడమకాలు ఝాడించి తన్నింది. తాత లెక్కపెట్టాడు: ఒకటి, రెండు. మూడో తన్ను ఆయన మణికట్టుకే తగిలింది. అరుణశ్రీ ఊపిరి పీల్చుకుంది.

నీలవేణి మాత్రం గోడవైపు తిరిగి కొంగుతో కళ్లొత్తుకుంటోంది. జగన్నాధానికి మళ్లీ అనుమానం లేచింది.

“ఏడిస్తే దానమ్మ ఏడవాల. నువ్వేటి? ఇప్పుడైనా నిజం సెప్పు నర్సమ్మా. నీకేటి లాభం?”

ఆమె ఆయన కుడిపాదం వంక చూసి, చేతులు జోడించింది.

“నూకయ్య కూతుర్ని, బాబూ.”